రాష్ట్రపతికి స్త్రీలింగం కావాలా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. మాది రాజోలు దగ్గర ఊరు. ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. మహిళా దినోత్సవానికి దేశాలను నడిపిన స్త్రీల గురించి పిల్లల చేత ఒక బోర్డు రాయించాను. అందులో కొన్ని వాక్యాలు ఇవి: "సిరిమావో బండారనాయకే ప్రపంచంలో మొట్టమొదటి మహిళా ప్రధాని. నెహ్రూ గారు మన తొలి ప్రధానిగా పనిచేశారు. ఇందిరాగాంధీ ప్రధానురాలుగా పనిచేసింది. ప్రతిభా పాటిల్ మన తొలి రాష్ట్రపతి. మన నరసాపురం కోడలు నిర్మలా సీతారామన్ మహిళా ఆర్థికమంత్రి." బోర్డు చూసిన ప్రతివారూ ఒక తప్పు పట్టారు. ప్రధానురాలు అనే మాట లేదని తెలుగు మాస్టారు అన్నారు. పతి అంటే మగడు కాబట్టి స్త్రీని రాష్ట్రపతి అనకూడదని, రాష్ట్రాధ్యక్షురాలు అనాలని ఊళ్ళో ఒక పెద్దాయన పట్టుబట్టారు. "పనిచేసింది" అనడం అగౌరవమని మా ప్రధానోపాధ్యాయురాలు. మగవాళ్ళను పురుష ప్రధాని అనం కదా, వీళ్ళకు మాత్రం 'మహిళా' ఎందుకని మా అమ్మాయి. ఎవరి మాట వినమంటారు?

సమాధానం: అమ్మా, అందరికన్నా పదునైన ప్రశ్న మీ అమ్మాయిది, అందరికన్నా గట్టి పట్టు పెద్దాయనది. ఆయనతోనే మొదలుపెడతాను. ఆయన పట్టుకున్నది వ్యాకరణం కాబట్టి వ్యాకరణంతోనే జవాబు చెప్పాలి.

పతి అంటే మగడు అన్నది నిజమే. కానీ అది ఆ మాటకున్న అర్థాల్లో ఒకటి. పాలించేవాడు, కాపాడేవాడు, యజమాని అన్నవీ దాని అర్థాలే. సేనాపతి సేనకు మగడు కాడు, కులపతి విశ్వవిద్యాలయానికి మగడు కాడు. లక్షాధికారిని లక్షాపతి అన్నప్పుడు మనకు పెళ్ళి గుర్తుకు రాదు. స్త్రీ పేరు పక్కన రాష్ట్రపతి అని కనిపించినప్పుడే ఆ అర్థం మీదికి దృష్టి పోతోందంటే, చిక్కు మాటలో లేదు, చూసే చూపులో ఉంది.

అయినా సంస్కృతం ఏమంటుందో చూద్దాం. పతి శబ్దానికి స్త్రీలింగంలో 'పత్నీ' అనే రూపం యజ్ఞసంబంధం ఉన్నప్పుడు వస్తుందని పాణిని సూత్రం: "పత్యుర్నో యజ్ఞసంయోగే". భర్తతో కలిసి యజ్ఞం చేసి ఆ ఫలంలో పాలుపంచుకునే ఆవిడ పత్ని. దాని వెంటనే ఇంకో సూత్రం ఉంది: "విభాషా సపూర్వస్య". పతి శబ్దానికి ముందు మరో పదం ఉండి సమాసమైతే, ఆ మార్పు చేసినా సరే, మానినా సరే అని దాని తాత్పర్యం. వ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణ ఇంటి యజమానురాలు. ఆమెను 'గృహపత్నీ' అనవచ్చు, 'గృహపతిః' అని కూడా అనవచ్చు. రెండూ స్త్రీలింగమే. అంటే ముందు 'రాష్ట్ర' అనే పదం ఉన్న రాష్ట్రపతి శబ్దం మార్పేమీ లేకుండా స్త్రీకి చెల్లుతుందని వ్యాకరణకర్తే అనుమతి రాసిపెట్టాడు. పెద్దాయన సంస్కృతం చదువుకున్నవారైతే ఈ రెండో సూత్రం చూపించండి. ఆయనకు కోపం రాదు, సంతోషమే కలుగుతుంది.

అదే సూత్రం ప్రకారం రాష్ట్రపత్ని కూడా సాధువే, అంటే వ్యాకరణశుద్ధమే కదా అని ఎవరైనా అడగవచ్చు. రూపం సాధువే. వాడుకలో మాత్రం పత్ని అంటే భార్య తప్ప ఇంకేమీ కాదు. 2007లో ప్రతిభా పాటిల్ ఎన్నికైనప్పుడే ఈ చర్చ ఒకసారి జరిగి, రాష్ట్రపతి అనే మాటే నిలిచింది. 2022 జులైలో ద్రౌపదీ ముర్ము పదవిలోకి వచ్చిన కొద్దిరోజులకు ఒక ఎంపీ ఆ 'పత్ని' మాట వాడితే పార్లమెంటు అట్టుడికింది. నోరు జారిందని ఆయన రాష్ట్రపతికి లేఖ రాసి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వ్యాకరణం ఒప్పుకున్నదల్లా లోకం ఒప్పుకోదు.

ఇక పెద్దాయన సూచించిన 'రాష్ట్రాధ్యక్షురాలు' అసలు పొసగదు. సంస్కృతంలో రాష్ట్రం అంటే దేశం. తెలుగులో రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా లాంటిది. మీ బోర్డు మీద రాష్ట్రాధ్యక్షురాలు అని రాస్తే చదివినవారికి ఏదో పార్టీ రాష్ట్రశాఖకు అధ్యక్షురాలు అనిపిస్తుంది. మన రాజమహేంద్రవరం ఎంపీ పురందేశ్వరి 2023 నుంచి 2025 దాకా నిర్వహించినది అలాంటి పదవే. దేశంలో మొదటి పౌరురాలికి ఒక పార్టీ శాఖ పదవి కట్టబెట్టినట్టవుతుంది.

తెలుగు మాస్టారి మాట సరైనదే. అయితే ఆయన కారణం చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నాయకురాలు, అధ్యక్షురాలు, ఉపాధ్యాయురాలు, పౌరురాలు అన్న మాటల్లో చివర ఉన్నది 'ఆలు' అనే అచ్చతెలుగు పదం. బడిలో రుగాగమ సంధి అని నేర్పేది దీన్నే. అకారంతో ముగిసే తత్సమపదానికి 'ఆలు' చేరితే ఆ అకారం ఉకారమై నడుమ రకారం వస్తుంది: ధీర, ఆలు కలిస్తే ధీరురాలు. నాయక శబ్దమూ అధ్యక్ష శబ్దమూ అకారంతో ముగుస్తాయి కాబట్టి సూత్రం వాటిని అందుకుంటుంది. మంత్రి, ప్రధాని, కార్యదర్శి, సభాపతి ఇకారంతో ముగిసేవి, వాటిని అందుకోదు. 'ప్రధాన' శబ్దం నుంచి ప్రధానురాలిని లాగవచ్చు గాని, మనం వాడే పదవి పేరు ప్రధాన కాదు, ప్రధాని. పిల్లలు ప్రధానోపాధ్యాయురాలి పోలికతో దాన్ని అల్లి ఉంటారు. అక్కడ రాలు చేరింది 'ఉపాధ్యాయ'కు గాని 'ప్రధాన'కు కాదు. వాళ్ళ చెవి మంచిదే, సూత్రం ఒక్క అడుగు పక్కకు పోయింది.

ఈ 'ఆలు' దగ్గర ఇంకో తమాషా ఉంది. ఆలు అంటే స్త్రీ, భార్య కూడా. ఆలుమగలు, ఆలుబిడ్డలు అనే మాటల్లో ఉన్నది అదే. అయినా నాయకురాలు అంటే నాయకుడి భార్య అని ఎవరూ అనుకోరు. రెండర్థాలున్న తెలుగు మాట స్త్రీ పదవిలో ఇబ్బంది లేకుండా ఇమిడిపోయినప్పుడు, రెండర్థాలున్న సంస్కృత మాట ఇమడదని వాదించడం ఎందుకు?

మంత్రికి మాత్రం స్త్రీలింగం ఉంది, అది మన ఆడవాళ్ళకు నోటికి వచ్చినదే. లలితా సహస్రనామం చదివేవారిని అడగండి. "గేయచక్ర రథారూఢ మంత్రిణీ పరిసేవితా" అని వస్తుంది. మరోచోట "మంత్రిణీ న్యస్త రాజ్యధూః", అంటే రాజ్యభారాన్ని మంత్రిణి మీద పెట్టినది అని. ఆ మంత్రిణి శ్యామలాదేవి. సేనను నడిపే దండనాథ వారాహి. లలితాదేవి కొలువులో ముఖ్యమంత్రీ సేనాధిపతీ ఇద్దరూ స్త్రీలే! శుక్రవారం సాయంత్రం అరుగుల మీద ఈ నామాలు చదివే ఊళ్ళలోనే పంచాయతీకి ఆడమనిషి ఏమిటని నొసలు చిట్లించిన రోజులు ఉన్నాయి.

మరి మంత్రిణి ఎందుకు వాడుకలోకి రాలేదు? విద్యార్థికి విద్యార్థిని వచ్చింది, అభ్యర్థికి అభ్యర్థిని వచ్చింది, అదే పద్ధతిలో మంత్రిణి రావాలి. ఇందిర పూర్తి పేరులోని 'ప్రియదర్శిని' ఈ పద్ధతిలో పుట్టినదే. పేరు స్త్రీలింగ సూత్రం పాటించింది, పదవి పాటించలేదు. స్త్రీ మంత్రి కావడం మొదలైన నాటికే మంత్రి అనే మాట మనిషిని వదిలి కుర్చీకి అంటుకుపోయిందని నా అభిప్రాయం. కలెక్టరు, గవర్నరు, స్పీకరు కూడా అలాగే కుర్చీ పేర్లయ్యాయి. మంత్రిణి అని ఈనాడు రాస్తే పాతకాలపు నాటకంలో పాత్రలా ఉంటుంది. వద్దు. నిఘంటువులోను, సహస్రనామంలోను హాయిగా ఉండనివ్వండి.

ఇతర భాషల్లో వేరే దారులు ఉన్నాయి. 2005లో ఆంగెలా మెర్కెల్ జర్మనీ ఛాన్సలర్ అయినప్పుడు జర్మన్లు పదవి పేరుకు స్త్రీప్రత్యయం చేర్చి వాడారు, ఆ మాటనే అక్కడి భాషాసంఘం ఆ ఏటి మాటగా ఎంచింది. ఫ్రెంచి అకాడమీ చాలాకాలం బిగదీసుకుని ఉండి, 2019లో స్త్రీలింగ పదవీనామాలకు ఒప్పుకుంది. వాళ్ళ భాషల్లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది, తప్పించుకోలేరు. తెలుగుకు ఆ అవసరం లేదు.

శాసనసభలో సభ్యులు "అధ్యక్షా" అని పిలవడం విన్నారు కదా. అది అధ్యక్షుడు అనే మాటకు తెలుగు సంబోధన. సంస్కృతంలో అధ్యక్ష శబ్దానికి స్త్రీలింగ రూపం కూడా 'అధ్యక్షా' అనే ఉంటుంది! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకర్‌గా 1999 నుంచి 2004 వరకు ప్రతిభా భారతి ఆ స్థానంలో ఉన్నారు. లోక్‌సభలో 2009లో మీరా కుమార్, ఆ తరవాత సుమిత్రా మహాజన్ ఆ పీఠం ఎక్కారు. సంబోధనకు వ్యాకరణశుద్ధి చూసేవారికి కూడా ఇక్కడ పని తగలదు.

ఇప్పుడు ప్రధానోపాధ్యాయురాలి మాట. అసలు కిటుకు ఇక్కడే ఉంది, మిగిలినవన్నీ దీని ముందు చిన్నవి. పదవి పేరుకు తోక ఉందా లేదా అన్నదాని మీద మనం వాదించుకుంటూ ఉంటాం. గౌరవం తేలేది క్రియ దగ్గర.

తమిళంలో ఆమె వచ్చిందనడానికి 'వందాళ్' అని, కన్నడంలో 'బందళు' అని స్త్రీకి ఏకవచనంలో వేరే క్రియ ఉంది. తెలుగులో లేదు. మన వ్యాకరణం మహత్తు, అమహత్తు అని రెండు గదులు కట్టింది. ఏకవచనంలో మహత్తు గది మగవాళ్ళది. స్త్రీలు పశుపక్ష్యాదులతోను, రాయీరప్పలతోను కలిసి రెండో గదిలో ఉన్నారు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, పడవ వచ్చింది. గోదావరికి వరద తగిలితే "గోదారి వచ్చింది" అంటాం, అదీ ఇదే క్రియ. బహువచనానికి వచ్చేసరికి గోడ కూలిపోతుంది: మగవాళ్ళు వచ్చారు, ఆడవాళ్ళు వచ్చారు. గోండి లాంటి భాషలకూ ఏకవచనంలో ఈ కలగలుపు ఉంది కాబట్టి దీన్ని మన పెద్దలు పనిగట్టుకుని చేసిన అన్యాయంగా చూడనక్కరలేదు. భాష చాలా పాతకాలంలో అలా స్థిరపడింది.

అయితే ఒక సౌకర్యం కూడా అందులోనే ఉంది. గౌరవం కోసం మనం బహువచనం వాడతాం. ఆ బహువచనంలో స్త్రీపురుష భేదం లేదు. "ప్రధాని వచ్చారు" అంటే వచ్చినది నెహ్రూనా ఇందిరా అన్నది క్రియ చెప్పదు. గౌరవ బహువచనం వాడిన క్షణంలో తెలుగు ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెడుతుంది. ఆయన, ఆమె అనే ప్రథమ పురుషలో ఈ సౌకర్యం ఉన్నట్టే, నేను అనే ఉత్తమ పురుషలో అంతకన్నా పెద్దది ఉంది. పదవీ ప్రమాణంలో "అనే నేను" అని మొదలుపెట్టి "ప్రమాణం చేస్తున్నాను" అని ముగించేవరకు ఒక్క అక్షరం మార్చకుండా స్త్రీ అయినా పురుషుడైనా చదవవచ్చు. హిందీలో అలా కుదరదు, ఆ క్రియ ఆడో మగో చెప్పి తీరుతుంది.

అందుచేత మీ బోర్డులో తప్పు "పనిచేసింది" అన్న మాటలో లేదు. పై వాక్యంలో నెహ్రూ గారు "పనిచేశారు", కింద ఆయన కుమార్తె "పనిచేసింది". పిల్లలు పక్షపాతంతో రాయలేదు. మన ఇళ్ళలో వినేదే రాశారు. ఈ డెల్టాలో ఏ ఇంట్లో చూసినా "నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది" అనే కదా మాట. అమ్మ మీద గౌరవం తక్కువై కాదు, చనువు ఎక్కువై. ఆ చనువును ఇంట్లో ఉంచుకోవాలి, బోర్డుకు ఎక్కించకూడదు. చరిత్ర పాఠంలో "అశోకుడు పాలించాడు, రుద్రమదేవి పాలించింది" అని రాస్తే నాకు అభ్యంతరం లేదు, ఇద్దరికీ ఏకవచనమే కదా. అశోకుడు పాలించాడు, నెహ్రూ పాలించారు, ఇందిర పాలించింది అంటే మాత్రం మూడు తక్కెళ్ళు పెట్టి తూచినట్టు.

రుద్రమదేవి పేరు ఎత్తాను కాబట్టి ఒక మాట. పదమూడో శతాబ్దంలో ఆమె భర్త మన నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. శాసనాలలో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని కనిపిస్తుంది. పదవి పేరు స్త్రీకి నప్పేలా మార్చలేదు, పదవికి నప్పేలా ఆవిడే పురుషనామం ధరించారు. పెద్దాయన అప్పుడు ఉండి ఉంటే మహారాజు పుంలింగమని శాసనం చెక్కేవాడిని ఆపి ఉండేవారేమో!

ఓటర్లు "ఇందిరమ్మ గెలిచింది" అనడం వేరు. ఇందిరమ్మలోని అమ్మ తల్లి కాదు, సుబ్బయ్యలో అయ్యకు జోడీగా సుబ్బమ్మలో ఉండే అమ్మ. తెలుగువాళ్ళు ఆడపేరును తమలో కలుపుకునే తీరు అది. 1980లో మెదక్ నుంచి గెలిచి చివరివరకు ఆ స్థానానికే ప్రాతినిధ్యం వహించారు కాబట్టి ఇందిరకు ఆ కలుపుకోలు న్యాయంగానే దక్కింది. ప్రభుత్వ గృహపథకానికి కూడా ఆ పేరే పెట్టారు. పంతులమ్మ, డాక్టరమ్మ అన్నప్పుడు కూడా ఆవిడే పంతులు, ఆవిడే డాక్టరు. ఊళ్ళో 'ప్రెసిడెంటమ్మ' దగ్గర మాత్రం చిక్కు వచ్చిపడింది. గోదావరి జిల్లాల్లో సర్పంచిని ప్రెసిడెంటు గారు అనడం పాత అలవాటు. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు ఇచ్చింది, మన రాష్ట్రంలో ఇప్పుడు సగం. ఎన్నికైనది భార్య, ప్రెసిడెంటు గారూ అని పిలిపించుకునేది భర్త అన్న ఊళ్ళు చాలానే చూశాం. అలాంటి భర్తను ఉత్తరాదిన 'సర్పంచ్ పతి' అంటారు. పెద్దాయన పతి అనే మాట మీద అంతగా పట్టుబట్టదలిస్తే అక్కడ పట్టుబట్టమనండి, పుణ్యం ఉంటుంది.

మీ అమ్మాయి ప్రశ్న మిగిలింది. 'మహిళా' అనేది విషయం చెప్పేచోట ఉండాలి, ముద్రగా ఉండకూడదు. ప్రతిభా పాటిల్ దగ్గర అది లేకపోవడమే తప్పు: మన తొలి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్, ప్రతిభా పాటిల్ తొలి మహిళా రాష్ట్రపతి. సిరిమావో దగ్గర కూడా ఉండాలి. 1960 జులైలో ఆమె సిలోన్ (నేటి శ్రీలంక) ప్రధాని కావడంలో చెప్పుకోవలసిన సంగతే అది. నిర్మలా సీతారామన్ దగ్గర అనవసరం. అదీగాక 'మహిళా మంత్రి' అంటే మహిళా సంక్షేమ శాఖ చూసే మంత్రి అని కూడా తోస్తుంది. పత్రికల్లో కనిపించే 'మహిళా నాయకురాలు' మరీ విడ్డూరం, రాలు చేరాక మహిళ మళ్ళీ ఎందుకు? పార్టీ మహిళావిభాగానికి నాయకురాలు అయితే ఆ విభాగం పేరు చెప్పాలి.

'నరసాపురం కోడలు' గురించి మీరు అడగలేదు గాని చెబుతాను. అభిమానం కొద్దీ రాశారు, మీ ప్రాంతానికి ఆ హక్కు ఉంది. అత్తవారిది నరసాపురం, ఆ మండలంలోని పెదమైనవానిలంకను ఆమె దత్తత తీసుకున్నారు, 2014లో రాజ్యసభకు వెళ్ళినది కూడా ఆంధ్రప్రదేశ్ నుంచే. అయితే బోర్డు మీద స్త్రీకి చుట్టరికం ముందు, పదవి తరవాత రావడం నాకు నచ్చదు. చుట్టరికాన్ని వాక్యం చివరికి పంపండి. ఆ చోటులో మన గడ్డ మీదే పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఒక వాక్యం ఇవ్వండి, మీ జాబితాలో ఆమె లేకపోవడం నాకు వెలితిగా తోచింది. రాజమండ్రిలో పుట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర నిలబడి, టికెట్టు లేదని నెహ్రూనే ఆపిన పద్నాలుగేళ్ళ స్వచ్ఛంద సేవకురాలు. తరవాత రాజ్యాంగసభలో అదే నెహ్రూతో కలిసి కూర్చున్నారు.

బోర్డును ఇలా తిరగరాయించండి:

"1960లో సిలోన్ ప్రధాని అయిన సిరిమావో బండారనాయకే ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని. మన దేశంలో జవహర్‌లాల్ నెహ్రూ తొలి ప్రధానిగా పనిచేశారు. 1966లో ప్రధాని అయిన ఇందిరాగాంధీ రెండు విడతలుగా దేశాన్ని పాలించారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ రాజ్యాంగసభ సభ్యురాలు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ప్రతిభా పాటిల్ 2007లో తొలి మహిళా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ అత్తవారి ఊరు నరసాపురం."

నెహ్రూ పేరు పక్కన గారు తీసేశాను, గమనించారా? ఆయనకు ఉంచితే అందరికీ పెట్టాలి. గోదావరి జిల్లాల వాళ్ళం, గారు దగ్గర మనకు పొదుపు లేదు గాని, బోర్డులో చోటు సరిపోదు.

మీరు పంపిన ఫోటోలో, బోర్డు కింద మీ ప్రధానోపాధ్యాయురాలి సంతకం ఉంది. ఆ సంతకం కింద రబ్బరు ముద్రలో 'ప్రధానోపాధ్యాయుడు' అని ఉంది. అందులోని 'ఉపాధ్యాయ' అకారాంతమే, రుగాగమం చక్కగా వస్తుంది. కొత్త ముద్ర చేయించమనండి.